నా పేరు పిలిచాక ఇరవై రెండు సెకన్లు

అమెరికాలో సగంమంది నోళ్ళలో మూడేళ్ళపాటు నానిన పేరు నాది. ఎల్డన్ ప్రూయిట్‌లోని ఎల్డన్. ప్రూయిట్ సంగతి ఎవరికీ తెలియదు, అక్కర్లేదు కూడా. ఆ పేరు విన్నవాళ్ళంతా నేను రోవీనా స్టాంపర్ అనే బంగారంలాంటి పిల్లను బస్టాండులో వదిలేసి పోయిన దుర్మార్గుణ్ణి అనుకున్నారు. నేనెవర్నీ వదిలేయలేదు. కావాలంటే నా భార్య మాడీన్‌ను అడగండి, నన్నెలా వదిలించుకోవాలా అని చూసింది ఆవిడే. నేను రోవీనా వెనకాల కూర్చుని స్టీల్ గిటారు వాయించేవాణ్ణి, అంతే.

స్టీల్ గిటారు భుజానికి తగిలించుకునేది కాదు. బల్లలా కాళ్ళమీద నిలబడి ఉంటుంది. దాని వెనక కుర్చీ వేసుకుని, ఎడమచేత్తో ఉక్కు కడ్డీని తీగలమీద జారిస్తూ, కుడిచేత్తో మీటుతూ, కింద పాదంతో పెడళ్ళు తొక్కాలి. కుట్టుమిషన్ తొక్కుతున్నట్టుందని మా అత్తగారు అనేది. నా గురించి ఆవిడ అన్న మాటల్లో కాస్త మంచిమాట అదే.

రోవీనాది తూర్పు కెంటకీలో బొగ్గు గనుల లోయ. పందొమ్మిదేళ్ళప్పుడు మేనమామ లారీలో, మా కంట్రీ పాటలన్నీ రికార్డయ్యే నాష్‌విల్ వచ్చింది. పెద్ద గొంతు కాదు. కానీ ఒక మాటను సాగదీసినప్పుడు చివర ఆ గొంతు కొంచెం చీలుతుంది. నేర్పితే వచ్చేది కాదు అది. ఆరేళ్ళు ఆమె వెనక వాయించాను. డాన్సు హాళ్ళు, ఊళ్ళ సంతలు, హైస్కూలు హాళ్ళు, శనివారం సాయంత్రం రేడియో కచేరీ. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఆమెకంటే నాకే బాగా తెలుసు.

మా కంట్రీ పాటల్లో ఒక మర్యాద ఉంది. పాట మధ్యలో పాడేవాళ్ళు ఆగి, వాయించేవాళ్ళకు కాస్త చోటిస్తారు. ఇచ్చేముందు పేరుపెట్టి పిలుస్తారు. వాయించేది ఎవరో జనానికి తెలుస్తుంది, దిక్కులు చూస్తున్నవాడికి తన వంతు వచ్చిందని తెలుస్తుంది. రోవీనా కూడా "ఎల్డన్!" అని పిలిచేది, భోజనానికి పిలిచినంత మామూలుగా. స్టూడియోలో మాత్రం అలా పిలవకూడదు. రికార్డు కొనుక్కున్నవాడికి మా హాజరుపట్టీతో పనేమిటి?

1961 మార్చిలో ఒక మంగళవారం పొద్దున పదింటికి 'ఆఖరి బస్సు వెళ్ళాక' అనే పాట రికార్డు చేశాం. అది రోవీనాకు మొదటి పెద్ద స్టూడియో. నాష్‌విల్‌లో మూడు గంటల్లో నాలుగు పాటలు అయిపోవాలి. స్వరాలు రాసిన కాగితాలు ఎవరూ ఇవ్వరు. పాట ఒక్కసారి విని, చేతికందిన కాగితంమీద స్వరాలకు గుర్తుగా ఒకటి, నాలుగు, అయిదు అని అంకెలు గీసుకుని వాయించేస్తాం. ఆ రోజు నా అంకెలు సాసేజ్ పెట్టిన రొట్టె చుట్టి ఇచ్చిన కాగితంమీద ఉన్నాయి, నూనె మరకల మధ్య.

మొదటి రెండుసార్లు కుదరలేదు. మూడోసారి, రెండో చరణం ఆఖరిమాటను రోవీనా సాగదీసింది. గొంతు చీలింది. అదే ఊపిరిలో, ఆపుకోలేక, "ఎల్డన్!" అంది. ఆరేళ్ళ అలవాటు మరి. నేనూ అలవాటుగానే అందుకున్నాను.

తర్వాత ఇరవై రెండు సెకన్లు వాయించాను. ముందు అనుకున్నది కాదు. ఆమె గొంతు చీలిన చోటే అందుకున్నాను. ఆ చీలికను కడ్డీతో మెల్లగా కిందికి దించాను. ఆమె ఊపిరి తీసుకునే చోట నేనూ ఆగాను. చివర రెండు పెడళ్ళు కలిపి తొక్కి ఒక్క స్వరాన్ని పైకి లేపి, అక్కడే వదిలేశాను. ముగించలేదు, ఎందుకంటే దాని ముగింపు ఆమె పాడబోయే మాటలో ఉంది. గొప్పలు చెప్పుకోవడం మా ఇంటావంటా లేదు. అయినా చెబుతున్నాను, అది బాగుంది. అంతకంటే మంచిది నేను ముందూ వాయించలేదు, తర్వాతా వాయించలేదు.

పాట అయ్యాక బేస్ వాయించే హర్షెల్ నా వంక గుడ్లప్పగించి చూశాడు.

"ఒరేయ్, అవి నీ చేతులేనా? ఎవర్నడిగి తెచ్చుకున్నావురా?"

"నీ పెళ్ళాన్నడిగి," అన్నాను.

రోవీనా మైకు దగ్గర్నుంచి నడిచి వచ్చి నా భుజంమీద చెయ్యి వేసింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"నాకోసమే వాయించావు కదూ అది?"

"మరి హర్షెల్‌గాడి కోసమా?"

నవ్వింది. నాకు చాలా సంతోషమనిపించింది. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

మా నిర్మాత వాల్డ్రప్ గారు బుగ్గన పిప్పరమెంటు బిళ్ళ పెట్టుకుని మాట్లాడే మనిషి. అద్దం అవతల్నుంచి ఆయన గొంతు వినపడింది. "మధ్యలో పిలుపొకటి పడిందమ్మాయ్. ఇంకోసారి పాడదామా?" ఇంకో రెండుసార్లు పాడింది. గొంతు చీలలేదు. ఆ మూడోసారిదే ఉంచారు.

రెండు వారాలకు వాల్డ్రప్ గారికి వయొలిన్ల ఆలోచన వచ్చింది. కంట్రీ స్టేషన్లు వేస్తే పాటను నాలుగు రాష్ట్రాలు వింటాయి. పాప్ స్టేషన్లు వేస్తే దేశమంతా వింటుంది. అయితే పాప్ స్టేషన్లవాళ్ళకు స్టీల్ గిటారు చెవిన పడితే పేడవాసన వేస్తుందట. ఆ రోజుల్లో టేపుమీద మూడు దారులే ఉండేవి, ట్రాకులంటారు. ఒకదాంట్లో రోవీనా గొంతు, ఒకదాంట్లో బృందమంతా, మూడోదాంట్లో నేను. వయొలిన్లు కూర్చోవాలంటే ఎవరో ఒకరు లేవాలి. నన్ను లేపారు. నన్నడగలేదు, అడిగే పద్ధతీ లేదు.

నా పేరు మాత్రం పోలేదు. అది రోవీనా గొంతున్న దారిలో ఉంది, చీలిన ఆ మాటకు అంటుకుని ఉంది. దాన్ని కోస్తే చీలికా తెగుతుంది. ఉంటే వచ్చే నష్టమేముందిలే అని వదిలేశారట.

పాట మొదటిసారి రేడియోలో వచ్చినప్పుడు మా వంటింట్లో ఉన్నాం. చిక్కుడుగింజలు, మొక్కజొన్న రొట్టె తింటున్నాం. మాడీన్ లేచి రేడియో గొంతు పెంచింది. పొరుగావిణ్ణి కూడా కిటికీలోంచి పిలిచింది, మా ఆయనది వస్తోంది రావమ్మా అని. రోవీనా సాగదీసింది, చీలింది, "ఎల్డన్!" అంది. మాడీన్ నా వంక చూసి నవ్వింది. అప్పుడు పదకొండు వయొలిన్లు వచ్చాయి.

"ఏదీ? నువ్వేదీ?" అంది మాడీన్.

పొరుగావిడ చాలా బాగుందని చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు వాల్డ్రప్ గారి దగ్గరికి వెళ్ళాను. "మీ పాప్‌వాళ్ళకు ఏదైనా పంపుకోండి. మన కంట్రీ స్టేషన్లకైనా నేను వాయించింది పెట్టి పంపండి," అన్నాను.

ఆయన బిళ్ళను ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చాడు. "పెట్టనంటానా ఎల్డన్? ఉంటే పెట్టేవాణ్ణే. దానిమీదే కదయ్యా వయొలిన్లు ఎక్కించింది. నీది ఇంక లేదు."

బయటికి వచ్చి కారులో కూర్చున్నాను. తాళం తిప్పకుండా చాలాసేపు కూర్చున్నాను. చచ్చిపోయినవాళ్ళకోసం పడేంత బాధ పడ్డాను, సిగ్గెందుకు చెప్పడానికి. ఇక అది రెండే రెండు చోట్ల ఉంది, నా చేతుల్లోనూ రోవీనా చెవుల్లోనూ. ఎప్పటికైనా ఒక్కసారి దాన్ని జనం ముందు వాయించాలి, రోవీనా మళ్ళీ వినాలి. కారు తీసేముందు అనుకున్నది అదే. తర్వాత మూడేళ్ళూ నా మనసులో ఉన్నదీ అదే.

పాట కంట్రీ పట్టికలో మొదటిస్థానానికి వెళ్ళింది. అది మామూలే. పాప్ పట్టికలో నాలుగోస్థానానికి వెళ్ళింది. అది మా బృందంలో ఎవరూ ఎరగనిది. బోస్టన్‌లో, సియాటిల్‌లో, మా మర్యాద తెలియనివాళ్ళు ఆ పాట విన్నారు. బస్టాండులో ఒంటరిగా నిలబడ్డ ఆడపిల్ల గుండె పగిలి "ఎల్డన్!" అంటోంది. మరి ఎల్డన్ ఎవడు? వదిలేసిపోయినవాడే! తప్పు వాళ్ళది కాదు. వాళ్ళ పాటల్లో వాయించేవాడికి పేరుండదు.

ఉత్తరాలు మొదలయ్యాయి. 'ఎల్డన్, నీకు తల్లీ చెల్లీ లేరా?' అని ఒకటి. 'ఎల్డన్, తిరిగి వెళ్ళు, ఆమె క్షమిస్తుంది' అని స్కూలు పిల్లలు నలభైమంది సంతకాలు పెట్టి ఒకటి. చికాగోలో ఒక రేడియో అనౌన్సరు 'ఎల్డన్ ఎక్కడ?' అని రోజూ పొద్దున అడిగేవాడు, జనం ఫోన్లు చేసి చెప్పేవాళ్ళు. ఒహాయోలో ఒకతను తానే ఎల్డన్‌నని పేపరులో వేయించుకుని, పశ్చాత్తాపపడుతున్నానని కూడా చెప్పాడు. పోనీలే, ఎవడో ఒకడు పడ్డాడు.

మాడీన్‌కు వేళాకోళం దొరికింది. పళ్ళేలు కడుగుతూ, "ఏమయ్యా దొంగమొగుడా, ఇవాళెవర్ని ఏడిపించొచ్చావు?" అనేది. నేను రోజూ మధ్యాహ్నం తినే హోటల్లో వడ్డించే పెద్దావిడ నా పేరు తెలిసి గరిటె కింద పెట్టేసింది.

"నువ్వా ఎల్డన్‌వి? ఆ పిల్ల అట్లా ఏడుస్తుంటే నీకు ముద్దెలా దిగుతుందయ్యా?"

"నేను గిటారు వాయిస్తానమ్మా. నన్ను వాయించమని పిలిచింది."

"వాయించావా మరి? నాకేం వినపళ్ళేదే!"

పళ్ళెం చాపాను. చేపలు అయిపోయాయంది. నా వెనకవాడికి రెండు ముక్కలు పెట్టింది.

రికార్డు కంపెనీ ఊరుకుంటుందా? రెండో పాట 'మంగళవారం నుంచి మర్చిపోతా' రికార్డింగుకు నన్ను పిలవలేదు. వయొలిన్లవాళ్ళను పిలిచారు. వాల్డ్రప్ గారు రోవీనాతో, సరిగ్గా ఆ చోట పేరు పిలవమన్నాడట, ఈసారి కొంచెం ఏడుపు కలిపి. ఆ సాయంత్రం రోవీనా ఫోను చేసింది.

"నువ్వు లేకుండా నీ పేరు పిలిచాను ఎల్డన్. ఖాళీ కుర్చీ వైపు చూసి పిలిచాను. ఎట్లాగో అనిపించింది."

"బాగా పిలిచావా?"

"బాగానే పిలిచాననుకో."

"ఇంకేం మరి!" అన్నాను. కోపం వచ్చింది, కానీ ఆమెమీద కాదు. పాప్‌లో రెండోస్థానం. మూడోపాట 'నీ చొక్కా గుండీ'. అందులో రోవీనా పిలిచాక వెనకనుంచి ఎనిమిదిమంది కోరస్‌వాళ్ళు కూడా ఎల్డన్, ఎల్డన్ అని మూలిగారు. అది మొదటిస్థానం. నేను మంగలి షాపులో గడ్డం గీయించుకుంటూ విన్నాను. మంగలి చెయ్యి ఆపి, పాపం అన్నాడు. నన్ను కాదు.

ఊళ్ళు తిరిగే బృందంలో మాత్రం నన్ను ఉంచారు. అసలు ఎల్డన్‌నని ఎక్కడా చెప్పకూడదన్నారు, బట్టతల, కళ్ళజోడు, నలభై ఆరు అంగుళాల నడుము చూస్తే జనం మనసు విరిగిపోతుందని. అదీ నిజమే. రికార్డులో ఉన్నట్టే స్టేజీమీదా ఉండాలని ఇంకో నియమం. పెద్ద నగరాల్లో అక్కడి వయొలిన్లవాళ్ళను పెట్టుకునేవాళ్ళు. ఆ ఇరవై రెండు సెకన్లూ నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. చిన్న ఊళ్ళలో వయొలిన్లు దొరికేవి కావు. అక్కడ వాటి వరసను నా స్టీలుమీద వాయించమన్నారు. వాయించాను. పెళ్ళాం పిల్లలున్నవాడు మరేం చేస్తాడు? రోవీనా నా పేరు పిలిచేది, నేను నాది కానిది వాయించేవాణ్ణి. అలా ఎన్ని వందలసార్లో లెక్కలేదు.

ఒక్క విషయంలో ధైర్యంగా ఉండేవాణ్ణి. రోవీనాకు తెలుసు కదా అనుకునేవాణ్ణి. వయొలిన్ల వరస వాయిస్తున్నప్పుడు ఆమె నావైపు చూసి చిన్నగా నవ్వేది. ఆ నవ్వుకు నేనొక అర్థం పెట్టుకున్నాను.

1964 మే నెలలో లూయీవిల్ నుంచి ఇండియానాపోలిస్ వెళ్తున్నాం, పట్టపగలు. బస్సులో హర్షెల్, మిగతావాళ్ళు పేకాడుతున్నారు. రోవీనా ముందుసీట్లో మజ్జిగలో మొక్కజొన్న రొట్టె నలుపుకుని తింటోంది. పట్టుగౌన్లు వచ్చినా ఆ తిండి మారలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నిన్నొకటి అడగాలి."

"అప్పా?"

"కాదు. బస్సు పాటలో మధ్యలో నా చోటు. ఒక్కసారి నాకివ్వు."

చెంచా ఆపింది. "వయొలిన్లు లేకుండానా?"

"వయొలిన్లు లేకుండా. ఒక్కసారి చాలు. మళ్ళీ అడగను."

గిన్నె పక్కన పెట్టింది. "తొమ్మిదేళ్ళయింది కదా మనం కలిసి. నువ్వెప్పుడైనా నోరు తెరిచి ఒకటి అడిగావా? నేనే నీ దగ్గర అన్నీ అడుగుతుంటాను, కుర్చీ జరుపు, కోటు పట్టుకో అని." నా చెయ్యిమీద తట్టింది. "సరే. చికాగోలో, ఆదివారం మధ్యాహ్నం ఆటకు. వాల్డ్రప్ గారు గోలచేస్తే నా దగ్గరికి రమ్మను, చూసుకుంటా."

వెనక్కి వచ్చి కూర్చున్నాను. హర్షెల్ ముక్కలు కిందపెట్టి, "ఏంట్రా ఆ మొహం? లాటరీ తగిలినట్టుంది," అన్నాడు. చెప్పాను. వాడు తన సీసాలోంచి నాకొక గుక్క పోశాడు. హర్షెల్ ఎవరికీ గుక్క పోయడు.

శనివారం కొత్త తీగలు వేసుకున్నాను. సాధన చెయ్యలేదు. అది సాధన చేసేది కాదు. అరిగిపోతుందేమోనని మూడేళ్ళలో ఒంటరిగా కూడా ఎక్కువసార్లు వాయించలేదు.

చికాగో హాలులో మూడువేల ఆరువందలమంది. టోపీలు, చేతిగ్లవుసులు. వయొలిన్ల పెద్దమనిషికి రోవీనా స్వయంగా చెప్పింది, ఆ చోట మీవాళ్ళు ఆగాలని. ఆయన నా గిటారును, నన్ను, నా తళుకుల కోటును వరసగా చూసి, మీ ఇష్టం మేడమ్ అన్నాడు. రోవీనా మైకును, స్టేజీ అంచున ఉండే నా గిటారు స్పీకరు పెట్టెకు దగ్గరగా జరిపించుకుంది, రెండడుగుల దూరానికి. బాగా వినపడాలి కదా అంది. ఆ మాటతో నా కడుపు నిండింది.

నాలుగో పాట అది. రెండో చరణం వచ్చింది. ఆఖరిమాటను సాగదీసింది, గొంతు చీలింది. తను నావైపు తిరిగి, చెయ్యి చాపి, "ఎల్డన్!" అంది.

మూడువేల ఆరువందలమంది కూడా "ఎల్డన్!" అన్నారు.

దేశమంతా ఆ చోటు ఎలా నేర్చుకుందో నేను మర్చిపోయాను. వాళ్ళు దానికోసమే వచ్చారు. ఒకసారి అని ఊరుకోలేదు. చప్పట్లు, ఈలలు, మళ్ళీ మళ్ళీ ఎల్డన్, ఎల్డన్. ముందువరసలో ఒకామె చేతిరుమాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నేను వాయించడం మొదలుపెట్టాను. నాకే వినపడలేదు. కడ్డీ వణుకు వేళ్ళకు తెలుస్తోంది, పెడలు పాదానికి తెలుస్తోంది, అంతే. చీలిన చోట అందుకున్నాను, కిందికి దించాను, ఆమె ఊపిరి తీసుకునే చోట ఆగాను. రెండు పెడళ్ళు తొక్కి ఆ స్వరాన్ని లేపి వదిలేశాను. ఒక్క స్వరం తప్పలేదు. పక్కనున్న హర్షెల్ తల అడ్డంగా ఊపి, చెవి చూపించాడు. వాడికీ వినపడలేదు.

కానీ రోవీనా నా పెట్టె పక్కనే నిలబడి, తల వంచి, కళ్ళు మూసుకుని వింది. ఆ ఇరవై రెండు సెకన్లూ వింది. నాకది చాలు. హాలంతా ఏమైపోతే నాకేం? నేను వాయించింది ఆమెకోసమే. ఆమె తర్వాతి మాట అందుకుంది, సరిగ్గా నేను వదిలిన చోట. మూడేళ్ళ బరువు దిగిపోయినట్టయింది. ఆ ఆటలో మిగతా పాటలు ఎలా వాయించానో గుర్తులేదు.

ఆట అయ్యాక ఆమె గదికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. చెప్పులు విప్పేసి, కాళ్ళు పెట్టెమీద పెట్టుకుని, మొహానికి వెన్నలాంటిదేదో రాసి తుడుచుకుంటోంది. అద్దంలో నన్ను చూసి నవ్వింది.

"రా, రా. ఏం వాయించావు ఎల్డన్! ఒళ్ళు జలదరించింది."

"వినపడిందా?"

"వినపడకేం, నీ పెట్టె నా పక్కనే కదా! ప్రతి ముక్కా విన్నాను." గుడ్డ పక్కన పెట్టి నావైపు తిరిగింది. "నేనింకా పాతదే వాయిస్తావనుకున్నాను."

"ఏ పాతది?"

"అదే, మనం మొదట రికార్డు చేసినప్పుడు నువ్వు వాయించింది. నాకు ఏడుపొచ్చింది చూడు, అది." కళ్ళు సగం మూసుకుని వరస తీసింది. శ్రద్ధగా, ప్రేమగా, చివరిదాకా తీసింది. మొదటిస్వరం నుంచి ఆఖరిస్వరం దాకా వయొలిన్లదే.

నాకు కోపం రాలేదు. ఏడుపు వచ్చింది. ఇన్ని వందలసార్లు దాన్ని ఆమెకు వాయించి వినిపించింది నేనే కదా.

"ఇవాళ్టిది ఎప్పుడు కట్టావు? కొత్తదా?" అంది.

"ఆఁ, కొత్తదే. ఎట్లా ఉంటుందో చూద్దామని."

"చాలా బాగుంది. పోగొట్టుకోకు, దాచుకో," అంటూ రోవీనా మళ్ళీ అద్దంవైపు తిరిగి మొహం తుడుచుకుంది.